మ్యుటేషన్ అంటే జబ్బేనా? ఎందుకు వస్తుంది, దాని నుంచి వైవిధ్యం ఎలా పుడుతుంది

మీరు నాలుగు విషయాలు అడిగారు. రేడియేషనో, రసాయనమో తగిలితేనే మ్యుటేషన్లు వస్తాయా? వచ్చినవన్నీ చెడే చేస్తాయా? జన్యు వైవిధ్యానికి మూలం ఉత్పరివర్తనలేనని పుస్తకంలో రాసి, ఉదాహరణలన్నీ జబ్బులే ఇచ్చారు, అదెలా కుదురుతుంది? మేనరికం చేసుకుంటే మ్యుటేషన్లు వస్తాయని ఇంట్లో అంటున్నారు, నిజమేనా?

మొదటిదానికీ, రెండోదానికీ, నాలుగోదానికీ జవాబు కాదనే. మూడోదానికి కాస్త లోతుకు దిగాలి. మ్యుటేషన్, తెలుగులో ఉత్పరివర్తన, అంటే డీఎన్‌ఏ రాతలో వచ్చే మార్పు. ఆ రాతకు అక్షరాలు నాలుగే: అడినిన్ (ఏ), థైమిన్ (టీ), గ్వానిన్ (జీ), సైటోసిన్ (సీ). డీఎన్‌ఏలో ఒక అక్షరం మారినంత మాత్రాన అది మంచిదో చెడ్డదో చెప్పలేం. ఏ జన్యువులో ఎక్కడ మారింది, జతలో రెండో ప్రతి ఎలా ఉంది, ఆ మనిషి గానీ మొక్క గానీ బాక్టీరియా గానీ ఏ పరిస్థితుల్లో బతుకుతోంది అనే మూడూ కలిస్తేనే తేలుతుంది. దీన్ని పట్టుకుంటే మిగతా ప్రశ్నలు వాటంతటవే విడిపోతాయి.

ముందు కారణాల సంగతి. మన ఒక్కో కణంలో తల్లి వైపు సెట్టు, తండ్రి వైపు సెట్టు కలిపి దాదాపు 620 కోట్ల అక్షరాలుంటాయి. కణం రెండుగా చీలే ప్రతిసారీ ఇవన్నీ మళ్లీ రాసుకోవాలి. ఆ పని చేసే డీఎన్‌ఏ పాలిమరేజ్ మొదటి దఫాలో సుమారు లక్ష అక్షరాలకు ఒకటి తప్పు పెడుతుంది. తప్పు పెట్టిన వెంటనే ఆగి, ఆ అక్షరాన్ని తీసేసి మళ్లీ పెట్టే గుణం కూడా ఆ ఎంజైమ్‌కే ఉంది. దాంతో తప్పులు కోటికి ఒకటికి దిగుతాయి. అప్పటికీ మిగిలినవాటిని మిస్‌మ్యాచ్ రిపేర్ ప్రోటీన్లు వెతికి సరిచేస్తాయి. చివరికి 100 కోట్ల అక్షరాలకు ఒకటో, అంతకంటే తక్కువో మిగులుతుంది. ఈ చివరి అంచె ఎంత విలువైనదో ఆ రిపేర్ ప్రోటీన్లను తయారుచేసే ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 జన్యువుల్లో ఒకటి పుట్టుకతోనే చెడిపోయినవాళ్లను చూస్తే తెలుస్తుంది. దాన్నే లించ్ సిండ్రోమ్ అంటారు. వీళ్లలో పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్లు చిన్న వయసులోనే రావచ్చు.

కణం చీలకపోయినా డీఎన్‌ఏ అరుగుతూనే ఉంటుంది. అది ఉండేది నీళ్లలో, మన ఒంటి వేడిలో. ఆ రెండూ చాలు. ఒక్కో కణంలో రోజుకు కొన్ని వేల చోట్ల అడినిన్, గ్వానిన్ ఊడిపోతాయి. వంద పైచిలుకు చోట్ల సైటోసిన్ తన అమైనో గుంపును పోగొట్టుకుని యురాసిల్ అవుతుంది. యురాసిల్ డీఎన్‌ఏలో ఉండాల్సిన అక్షరం కాదు కాబట్టి రిపేర్ ఎంజైమ్ ఇట్టే పట్టేస్తుంది. అసలు చిక్కు మిథైల్ గుంపు తగిలించుకున్న సైటోసిన్‌తో. అది అమైనో గుంపును పోగొట్టుకుంటే నేరుగా థైమిన్ అయిపోతుంది. థైమిన్ డీఎన్‌ఏలో మామూలు అక్షరమే కాబట్టి రెండు పోగుల్లో ఏది అసలు, ఏది తప్పు అని తేల్చడం రిపేర్ వ్యవస్థకు కష్టం. ఈ మిథైల్ గుంపు ఎక్కువగా సీ పక్కన జీ ఉన్న చోట్ల తగులుతుంది. అందుకే మన జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్‌ఏ రాతలో, సీజీ జంటలున్న చోట్ల మ్యుటేషన్లు మిగతా చోట్లకంటే సుమారు 10 రెట్లు ఎక్కువ.

దీనికి మంచి ఉదాహరణ ఎకాండ్రోప్లేసియా, అంటే కాళ్లూ చేతులూ పొట్టిగా ఉండే మరుగుజ్జుతనం. ఇది వచ్చినవాళ్లలో నూటికి 95 మందికి పైగా ఎఫ్‌జీఎఫ్ఆర్3 జన్యువులో ఒకే చోట, 1138వ అక్షరం దగ్గరే మార్పు ఉంటుంది. అది సీజీ జంటలోని అక్షరమే. వీళ్లలో ఎక్కువమంది తల్లిదండ్రులు మామూలు ఎత్తువాళ్లు. మార్పు తండ్రి వీర్యకణంలో కొత్తగా పుట్టింది. తండ్రి వయసు పెరిగేకొద్దీ ఈ అవకాశం పెరగడానికి ఇంకో కారణమూ ఉంది. ఈ మార్పున్న వీర్య మూలకణాలు వృషణంలో పక్కవాటికంటే వేగంగా పెరిగి చోటు ఆక్రమిస్తాయి.

ఇప్పుడు రేడియేషన్ లేకుండా, ఏ రసాయనమూ అంటకుండా ఎన్ని మ్యుటేషన్లు వస్తాయో చూడండి. తల్లిదండ్రుల జీనోమ్, బిడ్డ జీనోమ్ పక్కపక్కన పెట్టి చదివితే, ఇద్దరిలోనూ లేని కొత్త అక్షరాలు బిడ్డలో 60 నుంచి 70 దాకా కనిపిస్తాయి. ప్రతి బిడ్డలోనూ అంతే. మీలోనూ ఉన్నాయి. వీటిలో నాలుగింట మూడు వంతులకు పైగా తండ్రి నుంచే వస్తాయి. తల్లి అండాలు ఆమె పుట్టకముందే సిద్ధమై ఆగి ఉంటాయి, వీర్యకణాల తయారీ మాత్రం యవ్వనం నుంచి ఆగదు. తండ్రి వయసు ఏడాది పెరిగితే సుమారు ఒకటిన్నర మ్యుటేషన్లు అదనం. తల్లి వయసుతో పెరిగే ప్రమాదం వేరే రకం. అక్కడ అక్షరం కాదు, క్రోమోజోముల లెక్కే తప్పుతుంది. డౌన్ సిండ్రోమ్ 25 ఏళ్ల తల్లికి సుమారు 1,250 కాన్పుల్లో ఒకరికి కనిపిస్తే, 40 ఏళ్లకు సుమారు 100లో ఒకరికి. పరీక్షల్లో ఈ రెంటినీ కలిపి రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది, మీరు విడిగా గుర్తుపెట్టుకోండి.

బయటి కారణాలను తక్కువ చేయడం లేదు. 1927లో హెచ్.జె. ముల్లర్ పండు ఈగలకు ఎక్స్‌రేలు పెట్టి మ్యుటేషన్లు ఎన్నో రెట్లు పెరుగుతాయని చూపించాడు. అయితే ఇక్కడ శరీర కణాల మార్పునూ, బీజకణాల మార్పునూ వేరు చేసుకోవాలి. చర్మ కణంలోనో, కాలేయ కణంలోనో వచ్చిన మార్పు ఆ మనిషితోనే పోతుంది. పిల్లలకు చేరాలంటే అండంలోనో వీర్యకణంలోనో ఉండాలి. హిరోషిమా, నాగసాకి బాంబులను తట్టుకుని బతికినవాళ్లలో క్యాన్సర్లు పెరిగాయి. తర్వాత వాళ్లకు పుట్టిన పిల్లలను దశాబ్దాల పాటు పరిశీలించినా వంశపారంపర్య మార్పులు లెక్కకు అందేంతగా పెరిగినట్టు తేలలేదు. ముల్లర్ ఈగల ప్రయోగాన్ని తప్పని ఇది అనడం లేదు. మోతాదు, జీవి, కణం రకం చెప్పకుండా "రేడియేషన్ వల్ల మ్యుటేషన్లు" అని ఒక్క ముక్కలో తేల్చేయకూడదు అంతే.

ఒక్కో కారణం డీఎన్‌ఏ మీద ఒక్కో గుర్తు వదులుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పక్కపక్కన ఉన్న రెండు పిరిమిడిన్లను (సీ, టీ అక్షరాలను) అతికించేస్తాయి. అలా సీసీ ఉన్న చోట టీటీ అవుతుంది. ఈ గుర్తు కనిపించిందంటే ఎండ పనే. మన దగ్గర ఎక్కువమందికి తగిలే ఇంకో కారణం వేరుశనగ మీద పెరిగే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు. అది విడిచే అఫ్లాటాక్సిన్ బీ1 కాలేయంలోకి వెళ్లాక అక్కడి ఎంజైములే దాన్ని చురుకైన ఎపాక్సైడ్‌గా మారుస్తాయి. అది గ్వానిన్‌కు అతుక్కుంటే జీ ఉన్న చోట టీ వస్తుంది. క్యాన్సర్‌ను అడ్డుకునే టీపీ53 జన్యువు 249వ కోడాన్‌లో (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాలను కోడాన్ అంటారు) ఏజీజీ కాస్తా ఏజీటీ అయిన కాలేయ క్యాన్సర్ కనిపిస్తే అఫ్లాటాక్సిన్‌ను అనుమానిస్తారు. హెపటైటిస్ బీ కూడా ఉంటే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పంట చివర్లో వర్షం లేక కాయ ఎండిపోవడం, పీకిన కాయను తేమతోనే బస్తాకెత్తడం, ఈ రెండే బూజుకు దారి. కాయలో తేమ 8 శాతం లోపు దిగేదాకా ఆరబెట్టి, పగిలినవీ ముడుచుకున్నవీ ఏరేస్తే చాలావరకు తప్పుతుంది. వేయించినా నూనెలో కాల్చినా ఈ విషం పూర్తిగా పోదు, కాబట్టి బూజు వాసన వచ్చిన పల్లీలు పారేయడమే.

ఇక ఒక్క అక్షరం ఎక్కడ పడితే ఏమవుతుందో దగ్గరగా చూద్దాం. రక్తంలో ఆక్సిజన్ మోసే హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసుకు హెచ్‌బీబీ అనే జన్యువు ఉంది, 11వ క్రోమోజోము మీద. ఆ గొలుసులో ఆరో అమైనో ఆమ్లం గ్లుటామిక్ ఆమ్లం, దాని కోడాన్ జీఏజీ. ఈ మూడక్షరాల్లో ఒక్కటే మారాలంటే 9 దారులున్నాయి. కాగితం తీసుకుని తొమ్మిదీ రాసి చూడండి, పాఠ్యపుస్తకంలోని సగం పాఠం అక్కడే దొరుకుతుంది.

చివరి జీ పోయి ఏ వస్తే జీఏఏ. అది కూడా గ్లుటామిక్ ఆమ్లమే, ప్రోటీన్‌లో ఏ మార్పూ లేదు. చివర సీ గానీ టీ గానీ వస్తే ఆస్పార్టిక్ ఆమ్లం, దాదాపు అదే గుణం. మొదటి జీ పోయి టీ వస్తే టీఏజీ. అది ఆగిపొమ్మనే సంకేతం, గొలుసు ఆరో చోటే తెగిపోతుంది. మొదట ఏ వస్తే ఏఏజీ, లైసిన్. అదే హీమోగ్లోబిన్ సీ, పశ్చిమ ఆఫ్రికాలో ఎక్కువ. మధ్య ఏ పోయి టీ వస్తే జీటీజీ, వేలిన్. అదే సికిల్ సెల్, ఎర్ర కణాలు కొడవలిలా వంగే జబ్బు. అదే మధ్య చోట టీ బదులు సీ వస్తే జీసీజీ, అలనిన్. దానికి హీమోగ్లోబిన్ జీ-మకస్సర్ అని పేరు, కొడవలి జబ్బు రాదు. సికిల్ సెల్ రోగుల కణాల్లో జీటీజీని జీసీజీగా దిద్దే బేస్ ఎడిటింగ్ పద్ధతిని శాస్త్రవేత్తలు ఎంచుకున్నది ఈ సహజ రూపాన్ని చూసే. మిగిలిన రెండు దారులు గ్లుటమిన్, గ్లైసిన్.

ఇక్కడ వేలిన్ ఒక్కటే ఎందుకంత పని చేస్తుంది? గ్లుటామిక్ ఆమ్లానికి రుణావేశం ఉంది, నీళ్లంటే ఇష్టం. వేలిన్ నీళ్లకు దూరంగా ఉండాలని చూస్తుంది. హీమోగ్లోబిన్ ఆక్సిజన్ వదిలినప్పుడు పక్క అణువు మీద 85, 88 స్థానాల దగ్గర ఒక గుంట తెరుచుకుంటుంది, వేలిన్ అందులో సరిగ్గా ఇరుక్కుంటుంది. ఒకటి వెంట ఒకటి ఇరుక్కుని పొడవాటి పోగులవుతాయి, కణం కొడవలిలా వంగుతుంది. 120 రోజులు బతకాల్సిన ఎర్ర కణం 10 నుంచి 20 రోజులకే చస్తుంది. వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో అడ్డుపడితే భరించలేని నొప్పి.

ఒకటి కలిసినా, పోయినా కథ వేరు. మనదేశంలో బీటా థలసీమియాకు, అంటే బీటా గొలుసు చాలక వచ్చే రక్తహీనతకు, కారణమయ్యే మార్పుల్లో 8, 9 కోడాన్ల మధ్య ఒక జీ అదనంగా చేరడం ఒకటి. అక్కడి నుంచి మూడేసి అక్షరాల చదువంతా ఒక్కటి పక్కకు జరిగిపోతుంది, గొలుసు తయారు కాదు. అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది మాత్రం మొదటి ఇంట్రాన్‌లో (జన్యువు మధ్యలో ఉండి, ఆర్‌ఎన్‌ఏ నుంచి కత్తిరించి పారేసే భాగంలో) ఐదో అక్షరం జీ పోయి సీ రావడం. ప్రోటీన్‌కు సంకేతమిచ్చే అక్షరం ఒక్కటీ మారలేదు, అయినా ఇంట్రాన్‌ను కత్తిరించాల్సిన చోటు గుర్తు దెబ్బతిని ఆర్‌ఎన్‌ఏ తప్పుగా అతుక్కుంటుంది. ఇంట్రాన్‌లో మ్యుటేషన్ వస్తే ఏమీ కాదని రాసిన నోట్సు ఉంటే కొట్టేయండి.

"వచ్చినవన్నీ చెడేనా" అనే ప్రశ్నకు సికిల్ సెల్ దగ్గరే జవాబుంది. రెండు ప్రతులూ మారితే జబ్బు. ఒక్క ప్రతి మారితే ఆ మనిషి వాహకుడు, రక్తంలో 35 నుంచి 40 శాతం హీమోగ్లోబిన్ ఎస్ ఉన్నా మామూలుగా బతుకుతాడు. పైగా ప్రాణాంతకమైన ఫాల్సిపేరం మలేరియా నుంచి అతనికి దాదాపు 90 శాతం రక్షణ. 1954లో ఆంథొనీ అలిసన్ తూర్పు ఆఫ్రికాలో తేల్చిన విషయమిది. మలేరియా ఎప్పుడూ ఉండే చోట ఈ అక్షరం తరతరాలుగా నిలబడింది. మన దగ్గర పాడేరు, పార్వతీపురం మన్యంలో, ఆదిలాబాద్, ఆసిఫాబాద్, భద్రాద్రి అడవి ప్రాంతాల ఆదివాసుల్లో ఇది కనిపించడానికి కారణం అదే. మలేరియా లేని నగరంలో పెరిగే బిడ్డకు అదే అక్షరం వల్ల లాభం లేదు, నష్టం మాత్రం అలాగే ఉంది. మ్యుటేషన్ మారలేదు, చుట్టూ ఉన్నదే మారింది.

సికిల్ సెల్ నిర్మూలనకు కేంద్రం 2023 జులైలో జాతీయ మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్ల లోపు ఆదివాసులు, ఆదివాసీ ప్రాంతాల వాళ్లు కలిపి 7 కోట్ల మందికి పరీక్ష చేయాలన్నది లక్ష్యం. మీ ఊళ్లో శిబిరం పెడితే చాలాచోట్ల ముందు చేసేది సాల్యుబిలిటీ పరీక్ష. సోడియం డైథయోనైట్ కలిపిన 2 మిల్లీలీటర్ల ద్రావణంలో 20 మైక్రోలీటర్ల రక్తం వేసి, 5 నిమిషాలాగి, గొట్టం వెనక నల్ల గీతలున్న కార్డు పెట్టి చూస్తారు. గీతలు కనిపించకుండా మసకబారితే పాజిటివ్. ఇది వాహకుడినీ రోగినీ విడదీయలేదు, రెంటికీ మసకే. ఆరు నెలల లోపు బిడ్డల్లో పిండ దశ హీమోగ్లోబినే ఎక్కువ కాబట్టి జబ్బున్నా నెగెటివ్ రావచ్చు. రక్తహీనత మరీ ఎక్కువగా ఉంటే వేసిన రక్తంలో హీమోగ్లోబినే చాలదు, అప్పుడూ తప్పు నెగెటివే. ఈ మధ్యే రక్తం ఎక్కించుకున్నవాళ్లలో దాత రక్తం కలిసిపోయి ఉంటుంది. అందుకే పాజిటివ్ వచ్చినవాళ్లకు, అనుమానం ఉన్నవాళ్లకు హీమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష తప్పనిసరి.

ల్యాబ్ ప్రాక్టికల్‌లో డీఎన్‌ఏతో ఇదే పరీక్ష చేయాల్సి వస్తే ఇంకో మెలిక ఉంది. మామూలు జన్యువులో సీసీటీ జీఏజీ జీ అనే వరుసను డీఎన్‌ఏను కోసే ఎంఎస్‌టీ2, డీడీఈ1 ఎంజైములు గుర్తుపట్టి కోస్తాయి. సికిల్ అక్షరం ఆ చోటును చెడగొడుతుంది కాబట్టి కోత పడదు. అంటే ఎంజైమ్ పాడైపోయినా, తక్కువ వేసినా, మామూలు మనిషి నమూనా కూడా సికిల్‌లాగే కనిపిస్తుంది. పీసీఆర్‌తో నకళ్లు తీయడానికి ఎంచుకున్న డీఎన్‌ఏ ముక్కలో మ్యుటేషన్‌తో సంబంధం లేని ఇంకో కోత చోటు తప్పక ఉండేలా ప్రైమర్లు (ఆ ముక్క రెండు కొసలనూ నిర్ణయించే చిన్న డీఎన్‌ఏ తునకలు) చూసుకోవాలి. అది తెగితేనే ఎంజైమ్ పనిచేసినట్టు. మామూలు, వాహక, రోగ నమూనాలు మూడూ పక్కన నడపకుండా జెల్ చదవొద్దు.

ఇక అవసరం వచ్చి మ్యుటేషన్ వస్తుందనే భ్రమ. మందు వాడితే బాక్టీరియా "నేర్చుకుని" మారుతుందని వార్తల్లో రాస్తుంటారు. 1943లో లూరియా, డెల్‌బ్రూక్ అనే శాస్త్రవేత్తలు బాక్టీరియాకు సోకే వైరస్‌లతో చేసిన ప్రయోగంలోనే ఇది తప్పని తేలింది. వైరస్ తగలకముందే ఎక్కడో ఒక కణంలో మార్పు పుట్టి ఉంటుంది, వైరస్ చేసేది మిగతావాటిని చంపి దాన్ని పైకి తేవడమే. క్షయ చికిత్స మొత్తం ఈ లెక్క మీదే నిలబడి ఉంది. క్షయ బాక్టీరియాలో రిఫాంపిసిన్ అనే మందును తట్టుకునే మార్పు సుమారు 10 కోట్లలో ఒకదానికి, ఐసోనియాజిడ్‌ను తట్టుకునేది 10 లక్షల్లో ఒకదానికి దానంతటదే పుడుతుంది. ఊపిరితిత్తిలో ఒక గుంటలో కోటి నుంచి 100 కోట్ల దాకా బాక్టీరియా ఉండొచ్చు. ఒక్క మందే ఇస్తే దాన్ని తట్టుకునేవి అప్పటికే అక్కడ ఉంటాయి. రెండూ తట్టుకునేది కోటి కోట్లలో ఒకటి, అంటే ఆ గుంటలో ఉండే అవకాశం దాదాపు లేదు. మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు మూడు మందులు ఇవ్వడం అందుకే. దగ్గు తగ్గిందని మధ్యలో మానేసినా, నాలుగింట్లో ఒకటి పడట్లేదని తీసేసినా ఈ లెక్క తలకిందులవుతుంది.

ఇప్పుడు వైవిధ్యం. అండం, వీర్యకణం తయారయ్యే క్షయకరణ విభజనలో 23 జతల క్రోమోజోములు విడిపోయే తీరులు 83,88,608. పైగా క్రోమోజోముల మధ్య ముక్కల మార్పిడి ఉండనే ఉంది. "మరి వైవిధ్యానికి మూలం ఇదే కదా, మ్యుటేషన్ ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. పేకముక్కలు ఎంత కలిపినా కొత్త ముక్క పుట్టదు, ఉన్నవే మారిమారి వస్తాయి. కొత్త ముక్కను తెచ్చేది మ్యుటేషన్ ఒక్కటే. ఒక్కో మనిషి జీనోమ్‌ను పోలిక కోసం పెట్టుకున్న రిఫరెన్స్ జీనోమ్‌తో పోలిస్తే 41 నుంచి 50 లక్షల చోట్ల తేడాలుంటాయి. అవన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఎవరిలోనో కొత్తగా పుట్టిన మ్యుటేషన్లే, వాటిలో అత్యధికం ఏ హానీ చేయనివి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో కూడా దాదాపు 100 జన్యువుల్లో పనిని చెడగొట్టే మార్పులుంటాయి, వాటిలో సుమారు 20 జన్యువులకు రెండు ప్రతులూ పోయి ఉంటాయి.

పుట్టినవన్నీ నిలవవు. జనాభా పెరగకుండా తరగకుండా ఉంటే, ఒక మనిషిలో కొత్తగా పుట్టిన మార్పు మొదటి తరంలోనే మాయమయ్యే అవకాశం సుమారు 37 శాతం. మంచి మార్పైనా ఇంతే. పిల్లలు ఇద్దరే ఉండి, ఇద్దరికీ మారని రెండో ప్రతే వెళ్తే అక్కడితో సరి. నిలబడడంలో ప్రకృతి వరణం (పరిస్థితులకు తగినవి మిగలడం) ఎంతో, కేవలం అదృష్టం కూడా అంతే.

పుస్తకంలో జబ్బు ఉదాహరణలే ఉన్నాయన్నారు కదా, మన పళ్లెంలో అన్నం చూడండి. పాతకాలపు పొడుగు వరి రకాలకు యూరియా ఎక్కువ వేస్తే ఏపుగా పెరిగి, వెన్ను బరువుకు పడిపోయేవి. తైవాన్‌లోని డీ-జియో-వూ-జెన్ అనే రకంలో ఎస్‌డీ1 జన్యువు నుంచి 383 అక్షరాలు ఎప్పుడో ఊడిపోయాయి. కాండాన్ని సాగదీసే జిబ్బరెల్లిన్ హార్మోన్ తయారీలో ఒక ఎంజైమ్ దెబ్బతిని మొక్క పొట్టిదైంది. పొట్టిగా ఉంటే పడదు, వేసిన ఎరువు గింజకే పోతుంది. దాన్ని ఇండోనేసియా రకం పేటాతో సంకరం చేస్తే వచ్చిందే 1966 నాటి ఐఆర్8. మరుసటి ఏడాదే పశ్చిమ గోదావరి ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి చూపించి "మిస్టర్ ఐఆర్8" అనే పేరు తెచ్చుకున్నారు. అదే మొక్క అడవిలో పుట్టి ఉంటే పక్కనున్న పొడుగు గడ్డి నీడలో ఎండిపోయేది. జన్యువు విరిగిపోవడమే ఇక్కడ వరం, రైతు చేలో కాబట్టి.

బాపట్లలో తయారై 1986లో విడుదలైన సాంబమసూరి, అదే బీపీటీ 5204, బాక్టీరియా ఎండాకు తెగులుకు ఇట్టే లొంగుతుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన కేంద్రం కలిసి 2008లో తెచ్చిన ఇంప్రూవ్డ్ సాంబమసూరిలో మూడు నిరోధక జన్యువులున్నాయి. వాటిలో రెండు సహజంగా పుట్టిన మ్యుటేషన్లే. ఎక్స్‌ఏ5 అనే జన్యువులో ఒక ప్రోటీన్ 39వ చోట వేలిన్ పోయి గ్లుటామిక్ ఆమ్లం వచ్చింది. సికిల్ సెల్‌లో జరిగినదానికి సరిగ్గా తిరగబడిన మార్పు, ఇక్కడది పైరును కాపాడుతుంది. ఎక్స్‌ఏ13లో ప్రోటీన్ బాగానే ఉంది, జన్యువును ఆన్ చేసే ముందు భాగం మారింది. బాక్టీరియా తన కోసం చక్కెర బయటికి పంపించుకోవాలని ఆ జన్యువును ఆన్ చేస్తుంది, ఆ మీట మారిపోవడంతో దానికి అందదు. ఈ రెండూ అంతర్గత జన్యువులు, అంటే రెండు ప్రతులూ ఉంటేనే గుణం బయటపడుతుంది. సంకరం చేసిన మొదటి తరంలో ఒక్క ప్రతే ఉంటుంది కాబట్టి మొక్కకు తెగులు వస్తుంది. తెగులు చూసి ఏరేస్తే అసలు మొక్కే పోతుంది. అందుకే ప్రతి తరంలో ఆకు డీఎన్‌ఏలో ఆ జన్యువు ఉందో లేదో చూపే మార్కర్ పరీక్ష చేసి మొక్కను ఎంచుకున్నారు.

ఇక మేనరికం. మేనరికం మ్యుటేషన్‌ను పుట్టించదు. ఇద్దరికీ ఒకే తాతా నాయనమ్మలు ఉండడం వల్ల, వాళ్లలో ఉన్న ఒకే మార్పు రెండు వైపుల నుంచీ దిగి బిడ్డలో కలిసే అవకాశం పెరుగుతుంది. లెక్క ఇలా. ఒక అంతర్గత వ్యాధి జన్యువు జనాభాలో 100 ప్రతుల్లో ఒకటి అనుకోండి. చుట్టరికం లేని జంటలకు 10,000 కాన్పుల్లో ఒక బిడ్డకు జబ్బు వస్తుంది. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే సుమారు 7. అక్క కూతుర్ని చేసుకుంటే సుమారు 13. జన్యువు ఎంత అరుదైతే ఈ తేడా అన్ని రెట్లు పెరుగుతుంది. 10 ప్రతుల్లో ఒకటి ఉన్నంత సాధారణమైతే మేనరికంలో తేడా ఒకటిన్నర రెట్లు మాత్రమే. అందుకే చుట్టరికపు పెళ్లిళ్లున్న ఇళ్లలో పిల్లల డాక్టర్లు మరీ అరుదైన జబ్బుల కోసం వెతుకుతారు.

చుట్టరికం లేకపోతే సరిపోతుందా అంటే, అదీ పూర్తి నిజం కాదు. ఒక సమూహం కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, వందల ఏళ్లు లోలోపలే పెళ్లిళ్లు చేసుకుంటే, ఆ కొద్దిమందిలో ఉన్న మార్పు అందరికీ పాకుతుంది. దీన్నే ఫౌండర్ ఎఫెక్ట్ అంటారు. దేశంలోని 263 సమూహాలను చూసిన 2017 అధ్యయనంలో, ఈ ప్రభావానికి పేరుపడ్డ ఫిన్లాండ్ వాళ్లకంటే, అష్కెనజీ (ఐరోపా మూలాల) యూదులకంటే బలంగా ఉన్న సమూహాలు 81 తేలాయి. మన ఆర్యవైశ్యుల్లో బీసీహెచ్ఈ జన్యువులో 307వ చోట లూసిన్ బదులు ప్రొలీన్ ఉండే మార్పు దీనికి తెలిసిన ఉదాహరణ. రెండు ప్రతులూ మారినవాళ్లలో సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాదాపు పనిచేయదు. రోజువారీ బతుకులో దీనివల్ల ఏమీ కాదు, జీవితమంతా తెలియకుండానే గడిచిపోవచ్చు. ఆపరేషన్‌కు ముందు శ్వాస గొట్టం వేయడానికి కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ ఇచ్చినప్పుడే బయటపడుతుంది. మామూలుగా 5 నుంచి 10 నిమిషాల్లో కరిగిపోవాల్సిన మందు గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది, కండరాలు కదలవు, ఊపిరి అందదు. అప్పుడు చేయాల్సింది వెంటిలేటర్ మీదే ఉంచి, మెలకువ రాకుండా మత్తు కొనసాగించి, మందు తగ్గేదాకా ఆగడం. కుటుంబంలో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత తెప్పరిల్లడానికి చాలాసేపు పట్టిందని తెలిస్తే మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. రక్తంలో కోలినెస్టరేజ్ పరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది, బదులుగా రోకురోనియం లాంటి మందు వాడతారు. మివాక్యూరియం మాత్రం పనికిరాదు, దాన్నీ ఈ ఎంజైమే కరిగించాలి.

చివరగా, జన్యు పరీక్ష రిపోర్టు చేతికొస్తే. సికిల్ సెల్ రిపోర్టులో ఆరో చోటు బదులు ఏడో చోటు అని ఉంటే కంగారు పడొద్దు. ఇప్పటి పద్ధతిలో మొదటి మెథియోనిన్‌ను కూడా లెక్కపెడతారు. "వేరియంట్ ఆఫ్ అన్‌సర్టెన్ సిగ్నిఫికెన్స్" అని ఉంటే ఆ మార్పు జబ్బు చేస్తుందో లేదో ఇంకా తేలలేదని అర్థం. దాన్ని చూసి గర్భం తీయించుకోవడం గానీ, ఆపరేషన్‌కు వెళ్లడం గానీ చేయకూడదు. మన జనాభా జీనోములు తక్కువగా చదివినందువల్ల, ఇక్కడ మామూలుగా ఉండే మార్పులు కూడా అరుదైనవిగా కనిపించి ఈ కోవలో పడుతుంటాయి. 10,000 మంది భారతీయుల జీనోములు చదివిన జీనోమ్ ఇండియా సమాచారం వాడకంలోకి వచ్చేకొద్దీ ఇవి తగ్గుతాయి. బిడ్డలో మార్పు కనిపిస్తే తల్లిదండ్రులిద్దరి నమూనాలూ ఇవ్వండి. ఇద్దరి రక్తంలోనూ లేకపోతే అది కొత్తగా పుట్టినదన్నమాట. అయినా తరువాతి కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం సున్నా కాదు, 1 శాతం దరిదాపు అని చెబుతారు. తల్లి అండాల్లోనో తండ్రి వీర్య మూలకణాల్లోనో కొన్నింట్లో ఆ మార్పు ఉండి, రక్తంలో కనబడకపోవచ్చు. తేలని రిపోర్టును పారేయకుండా దాచి, రెండు మూడేళ్లకు ఒకసారి అదే ల్యాబ్‌ను పాత డేటా మళ్లీ విశ్లేషించమని అడగండి. చాలాసార్లు కొత్త రక్తం ఇవ్వాల్సిన పని కూడా ఉండదు.